రాగి జడ

అస్మారాలో పొద్దున్నే చలి
రెంచీకి అంటుకుని చేతికొస్తుంది.
షట్టరు సగం ఎత్తానో లేదో
వాలు మీంచి చప్పుడు లేకుండా
దొర్లుకుంటూ వచ్చి ఆగింది
అబ్రహెత్ గారి ఫియట్ పదకొండు వందలు.
నాకంటే నలభై ఏళ్లు పెద్దది.

ఆవిడ మంత్రసాని.
రాత్రి మూడింటికి ఎవరికో నొప్పులని కబురొచ్చిందట.
తాళం తిప్పితే స్టార్టరు మూలిగిందట,
కమురు వాసన వచ్చిందట,
చోక్ లాగబోతే వేళ్లు చురుక్కుమన్నాయట.
"బిడ్డ నాకోసం ఆగలేదు.
నేను నడిచి వెళ్లేసరికి పుట్టేసి ఏడుస్తోంది."
చూపుడువేలి కొసన బొబ్బ చూపించింది,
పోలీసులకి చూపించినట్టు.

నేను మూడు నెలల పనివాణ్ణి.
అన్నీ తెలుసు అప్పటికి.
"స్టార్టరు పోయింది."
"పోయినేడే మార్చారు."
"అయితే బ్యాటరీ."
"మొన్న ఈస్టరుకి కొన్నది."
"అయితే ఎర్ర తీగ."
బానెట్టు ఎత్తితే బొటనవేలంత లావు కొత్త ఎర్ర తీగ,
పెళ్లికొడుకులా మెరుస్తూ.
నా దగ్గర రోగాలు అయిపోయాయి.

మా మేస్త్రీ ఓక్బాయ్‌కి కుడిచెవి వినబడదు.
ఎడమది తనకి నచ్చినవి వింటుంది.
నన్ను సీట్లో కూచోబెట్టి
"తిప్పు. అయిదు లెక్కపెట్టు. ఆపు" అన్నాడు.
తర్వాత చేతి వెనకవైపుతో, జ్వరం చూసినట్టు,
ఒక్కో ముడినీ తాకుతూ పోయాడు.
బ్యాటరీ కొమ్ములు చల్లన.
ఎర్ర తీగ గోరువెచ్చన.
స్టార్టరు బోల్టు, ఫరవాలేదు.
చోక్ తీగ దగ్గర చెయ్యి ఠక్కున లాక్కున్నాడు.
తొడుగు పొంగి, సన్నగా పొగ.

"చోక్ తీగకి కరెంటుతో ఏం పని?"
"అదే నేనూ అడుగుతున్నా" అన్నాడు,
నాతో కాదు, కారుతో.

మీటరు ఒక కాలు బ్యాటరీ నల్లకొమ్ము మీద,
రెండోది ఇంజను ఇనుము మీద.
"మళ్లీ తిప్పు."
సున్నా పక్కన పడుకోవాల్సిన ముల్లు
రెండు దాటి నిలబడింది.
ఓక్బాయ్ ఇంకేం మాట్లాడలేదు.
గోనెపట్టా పరుచుకుని కారు కిందికి పోయాడు.

అక్కడ, గేరుపెట్టె పక్కన,
ఇంజనుకీ ఒంటికీ మధ్య ఒక రాగి జడ ఉండాలి.
ఉంది, ఉందంటే ఉంది.
చిలుం పట్టి, నూనెలో నాని,
మూడు పోగులతో వేలాడుతోంది
ముసలమ్మ సవరంలా.
స్టార్టరులోకి వెళ్లిన వరదంతా
తిరిగి ఇల్లు చేరే దారిలేక
సందుల్లో వెతుక్కుని వెతుక్కుని
ఆ బక్క తీగ మీద పడింది.
గాలికి తలుపేయడం తప్ప
ఇంకో పని తెలియని తీగ.
కాలింది అది. ఊడింది ఇది.

మెదెబెర్ బజారుకి పరిగెత్తాను.
సుత్తుల మోతలో ఒక చచ్చిన లారీ నుంచి కోసిన
జడ దొరికింది. బేరమాడనందుకు
తిట్లు తిన్నాను, అవి ఎడమచెవి తిట్లు.
"రంగు గీకు."
"కింద ఎవరికి కనబడుతుంది?"
"కరెంటుకి. దానికి రంగంటే గోడ."
నీలం కింద బూడిద, బూడిద కింద సింధూరం,
ముగ్గురు యజమానుల్ని గీకాక
చేపపొట్టలా తెల్లగా ఇనుము.

బోల్టు బిగిస్తుంటే అబ్రహెత్ గారు వంగి చూసింది.
"బొడ్డుతాడులోనూ అంతే.
పోయే దారి వేరు, వచ్చే దారి వేరు.
ఒకటి మూసుకుంటే రెండోదీ లేనట్టే."
ఆవిడ నిలబడ్డది కుడిచెవి వైపు.
ఓక్బాయ్ "ఆఁ, నట్టు పదమూడు" అన్నాడు.

ఈసారి ముల్లు కదిలీ కదలలేదు.
ఇంజను ఒక్క దగ్గు దగ్గి అందుకుంది.

పాత జడ మేకుకి తగిలించాం.
నెలయింది. మంచి చలిలో ఆవిడ వస్తుంది,
తాళం తిప్పుతుంది, చోక్ లాగుతుంది,
ఇప్పటికీ నెత్సెలా కొంగు వేలికి చుట్టుకునే.
చల్లగా ఉంది, పట్టుకోండి అంటాను.
"తెలుసు" అంటుంది.
కొంగు మాత్రం తియ్యదు.